వెనక్కి వేసే అడుగు

తాడేపల్లిగూడెం,
1956 జూన్ 4.

తమ్ముడు అహరోనుకి అక్క దీవించి రాసేది.

ఒరేయ్, ఈ ఉత్తరం చదివి నవ్వితే నవ్వావు గానీ మెస్సులో పక్కవాడికి మాత్రం చదివి వినిపించకు. నాకు దొరల డాన్సు రావాలి. ఉబలాటం కొద్దీ అడగడం లేదు, అవసరం వచ్చి పడింది.

కిందటి నెల మీ బావగారు సెలవు మీద వచ్చి వెళ్ళారు. ఎప్పటిలాగే, నన్ను విశాఖపట్నం ఎప్పుడు తీసుకెళతారండీ అని అడిగాను. పెళ్ళైన దగ్గర్నించీ ఆయన అక్కడ మెస్సులోనూ, నేనిక్కడ వాళ్ళమ్మగారి దగ్గరానూ. ఆయన కాసేపు పేపరు చదివి, చదివిన పేజీయే మళ్ళీ చదివి, చివరికి చెప్పారు. వాళ్ళ ఆయిల్ కంపెనీలో శనివారం శనివారం క్లబ్బులో పార్టీ అవుతుందట. ఉద్యోగస్తులు భార్యల్ని తీసుకురావాలట, జంటలు జంటలుగా డాన్సు చెయ్యాలట. "నువ్వక్కడికొచ్చి గోడకి జేరబడి నిలబడితే నా పరువేం కావాలి నిర్మలా? ముందు అది నేర్చుకో, అప్పుడు క్వార్టర్సుకి అర్జీ పెడతాను" అన్నారు.

పెళ్ళైన కొత్తలో ఇంగ్లీషు మాట్లాడ్డం రావాలన్నారు. వచ్చింది. తరవాత ఫోర్కుతో తినడం రావాలన్నారు. అత్తయ్యగారు చూడకుండా పెరట్లో కూర్చుని ఫోర్కుతో పెసరట్టు తిని అదీ నేర్చుకున్నాను. ఇదొక్కటే మిగిలింది. నీ ఖరగ్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్లు డాన్సు చేస్తారని ఒకసారి రాశావు కదా. నువ్వు నేర్చుకుని నాకు ఉత్తరాల్లో నేర్పు. నీకు పుణ్యముంటుంది.

బడి పధ్నాలుగున తెరుస్తారు. నాకు మళ్ళీ మూడో తరగతే ఇచ్చారు. వర్షం జాడ లేదు, ఉప్పు నీళ్ళలా చెమట. వేళకి తిను.

నీ అక్క,
నిర్మల


ఖరగ్‌పూర్,
జూన్ 17.

అక్కకి తమ్ముడి వందనాలు.

నవ్వాను. పక్కవాడు బెంగాలీ కాబట్టి చదివినా అర్థం కాదు, ఆ భయం పెట్టుకోకు.

ఇక్కడ పెరీరా దొరసాని అని ఒక గార్డుగారి భార్య ఉంది. ఆయన పోయాడు. ఆవిడ గ్రామఫోను స్ప్రింగు తెగితే వర్కుషాపునుంచి నేనే వెళ్ళి బాగుచేసి పెట్టాను. డాన్సు నేర్పమంటే నన్ను కిందనుంచి పైదాకా చూసి, "నీకెందుకోయ్?" అంది. మా అక్క కోసం అన్నాను. ఆవిడ ముందు నవ్వి, తరవాత కళ్ళు తుడుచుకుని, గదిలో కుర్చీలన్నీ గోడ వారకి జరిపింది. మొదటిరోజు ఆవిడ కాలి వేళ్ళు ఎన్నిసార్లు తొక్కానో లెక్కలేదు. పాపం, ఆ సాయంత్రం కుంటుకుంటూ టీ తెచ్చింది.

మొదట నేర్పింది వాల్ట్జు. మూడేసి దెబ్బల తాళం, మొదటి దెబ్బ గట్టిగా. నీ దగ్గర సుద్దముక్కలకి లోటు లేదుగా, నేల మీద ఒక పెట్టె గీసుకో. ఎడమకాలు ముందుకి వెయ్యి, కుడికాలు పక్కకి, ఎడమది తెచ్చి దానికి చేర్చు. తరవాత కుడికాలు వెనక్కి, ఎడమది పక్కకి, కుడిది చేర్చు. పెట్టె చుట్టూ తిరిగి మొదటికి వచ్చేస్తావు. మడమలు టపటపా కొట్టకూడదు, నేల మీద జారాలి.

అక్కా, ఒక మాట చెప్పనా? బావగారి మీద నాకు గౌరవం పెరిగింది. భార్యని నలుగురిలోకి తీసుకెళ్ళి తన పక్కన నిలబెట్టుకోవాలని ఆలోచించే మగాడు మనవాళ్ళలో ఎంతమంది? నేర్చుకోమన్నాడంటే తీసుకెళ్ళాలని ఉన్నట్టేగా. నువ్వు నిశ్చింతగా ఉండు.

తమ్ముడు,
అహరోను


తాడేపల్లిగూడెం,
జూలై 15.

తమ్ముడికి,

నీ ఉత్తరం మడత పెట్టి మడత పెట్టి చిరిగిపోయేలా ఉంది.

ఇంట్లో వీలుకాదు. పేడతో అలికిన నేల మీద జారితే అలుకు లేచిపోతోంది, అత్తయ్యగారు ఎలకలనుకుని మందు పెట్టారు. అందుకని చోటు మార్చాను. యుద్ధమప్పుడు ఇక్కడ విమానాలు దిగడానికి సిమెంటు దారి వేశారు చూడు, అదే. ఇప్పుడు దాని మీద గేదెలు తప్ప ఏమీ దిగవు. తెల్లవారగానే పాలకని చెప్పి అక్కడికి పోతున్నాను. నున్నటి నేల, కనుచూపుమేర ఎవరూ ఉండరు. ముందుకి వేసే సగం బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, నిన్న ఒక గేదె లేచి పక్కకి తప్పుకుంది.

వచ్చిన చిక్కల్లా వెనక్కి వేసే సగంతోనే. చిన్నప్పుడు నాన్నగారు మనిద్దరినీ చెరో పక్కనా పట్టుకుని కొల్లేటి బురదలో బడికి నడిపించేవారు, జ్ఞాపకముందా? "ముందు బొటనవేలు, తరవాత పాదం, ఆ తరవాతే ఒళ్ళు. వెనక్కి మాత్రం అడుగు తియ్యొద్దు, వెనకాల గొయ్యుందో గుర్రపుడెక్కుందో మనకి కళ్ళుండవు" అనేవారు. అది ఒంట్లో ఇంకిపోయిందిరా. సిమెంటు నేల అని తెలుసు, ఎండిపోయిన నేల అని తెలుసు. అయినా వెనక్కి కాలు తియ్యగానే బొటనవేలు ముందు తడిమి చూస్తుంది. ఈలోగా తాళం వెళ్ళిపోతుంది.

ఇంకో సంగతి. నేను ఒక్కదాన్నీ కాళ్ళు ఈడ్చుకుంటూ తిరగడం పాలవాళ్ళు చూశారు. పంతులమ్మగారికి కాళ్ళు పడిపోతున్నాయట అని ఊరంతా పాకింది. ఆదివారం గుళ్ళో పాస్టరు అయ్యగారు నా కాళ్ళ కోసం ప్రత్యేక ప్రార్థన చేశారు. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను. ఇంకేం చెయ్యను?

మీ బావగారినుంచి ఉత్తరం లేదు. ఓడలొచ్చే రోజులు, పని ఎక్కువై ఉంటుంది.

నీ అక్క,
నిర్మల


ఖరగ్‌పూర్,
ఆగస్టు 3.

అక్కా,

ముందు నన్ను తిట్టుకో, తరవాత మిగతాది చదువు.

నిన్న పెరీరా దొరసాని, మీ అక్క ఎంతవరకు వచ్చిందని అడిగింది. నీకు రాసిన అడుగులన్నీ పొల్లుపోకుండా చెప్పాను. ఆవిడ రికార్డు ఆపి కుర్చీలో కూలబడింది. "ఓరి తెలివితక్కువవాడా, అవి మగాడి అడుగులు కదా!" అంది. నాకు ఏది నేర్పిందో అదే నీకు రాశాను. ఎదురుగా నిలబడ్డ ఆడమనిషికి అంతా తిరగబడుతుందని నాకు తట్టనేలేదు. నువ్వు అలాగే బావగారికి ఎదురు నిలబడి ఉంటే ఇద్దరూ ఒకేసారి ముందుకొచ్చి తలలు కొట్టుకునేవారు.

నీది కుడికాలు వెనక్కి వెయ్యడంతో మొదలవుతుంది. అవునక్కా, నీకు రానిదే మొదటి అడుగు. నువ్వు బురద సంగతి రాశావని ఆవిడకి చెప్పాను. శ్రద్ధగా విని ఇలా అంది: "ఆమె వెనక్కి తిరిగి చూడకూడదు, నేలని తడమకూడదు. ఆమె కాలు తీసి చోటిస్తుంది, ఆ చోటులోకి మగాడు వస్తాడు. వస్తాడని నమ్మి వెయ్యాలి. మిగతాదంతా దానంతటదే వస్తుంది." గార్డుగారు ఆవిడని ఎప్పుడూ నేల తడమనివ్వలేదట. అది చెప్పి మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

బావగారికి కూడా ఒక ఉత్తరం రాశాను. మా అక్క ఎంత కష్టపడుతోందో మీరు చూడాలి అని రాశాను. ఇంకా జవాబు లేదు. సంతోషంతో నీకే రాసి ఉంటారు.

తమ్ముడు,
అహరోను


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 26.

ఒరేయ్ అహరోనూ,

నీ తలకాయ! రెండు నెలలు మగాడినై తిరిగాను. అయ్యగారి ప్రార్థన కూడా మగాడి కాళ్ళకే పోయింది.

కోపం తగ్గాక రాస్తున్నాను కాబట్టి సరిపోయింది. పైగా అదీ ఒకందుకు పనికొచ్చింది. ఎలాగంటావా, అత్తయ్యగారికి దొరికిపోయాను. పాలకని వెళ్ళి రోజూ ఖాళీ చెంబుతో వస్తుంటే ఆవిడకి అనుమానం రాదూ? వెనకే వచ్చి చూశారు. నేను సుద్దగీతల మధ్య ఒక్కదాన్నీ చేతులు చాచి నిలబడి ఉన్నాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఓలమ్మో, పిల్లకి మతి పోయింది" అన్నారు. అంతా చెప్పేశాను. విని, "నా కొడుకు దగ్గరికెళ్ళడానికి ఇన్ని గెంతులెందుకే? రైలెక్కితే సరిపోదూ?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. చీర ఎగదోపి, "మగాడి అడుగులు ఎలాగో చెప్పు, నేనేస్తాను" అన్నారు.

మా అత్తయ్య రాహేలమ్మగారంటే ఏమనుకున్నావు! నువ్వు రాసిన మగ అడుగులన్నీ ఆవిడకి నేర్పాను. ఇప్పుడు ఆవిడే నాకు జత. గ్రామఫోను లేదు కాబట్టి గుళ్ళో పాడే పాటల్లో మూడు దెబ్బలది ఒకటి ఏరి, ఆవిడే కూనిరాగం తీస్తారు. మొన్న ఆదివారం గుళ్ళో హార్మణీ మీద అదే పాట ఎత్తుకునేసరికి మా ఇద్దరి కాళ్ళూ బల్ల కింద కదిలాయి. అయ్యగారు చూసి, ప్రార్థన ఫలించిందని అందరికీ చెప్పారు.

అయినా వెనక్కి అడుగు పడటం లేదు. ఆవిడ ముందుకి వస్తారు, నా బొటనవేలు ఇంకా నేల తడుముతూనే ఉంటుంది, ఇద్దరం గుద్దుకుంటాం. "నేనొత్తున్నానుగా, తియ్యవే కాలు!" అని కసురుతారు.

మీ బావగారు కార్డు రాశారు. నీ ఉత్తరం సంగతి ఎత్తలేదు. క్లబ్బులో ఇప్పుడు వాల్ట్జు పాతబడిందట, రంబా అని ఒకటి వచ్చిందట, అది రాకపోతే లాభం లేదట. కార్డు చదివి అత్తయ్యగారు పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు కట్టెలు ఎగదోస్తూనే ఉన్నారు. వయసుకి మించిన పని చేయిస్తున్నాను కదా, అలిసిపోయారనుకున్నాను.

నిర్మల


ఖరగ్‌పూర్,
సెప్టెంబరు 14.

అక్కకి,

బావగారిని తప్పుపట్టకు. క్లబ్బుల్లో మోజులు అలాగే మారతాయట, దొరసాని చెప్పింది. ఇక్కడ కుర్రవాళ్ళు కూడా వాల్ట్జు ఎత్తితే ఈలలు వేస్తున్నారు. బావగారు ముందుగా చెప్పి మంచిపనే చేశారు, అక్కడికి వెళ్ళాక నువ్వు చిన్నబోకుండా.

ఇక రంబా. ఇది విని నువ్వు ఎగిరి గంతేస్తావు. కాలు పక్కకి పెట్టాలి గానీ ఒళ్ళు వెంటనే దాని మీదకి తేకూడదు. పాదం ముందు నేలని అందుకుంటుంది, మోకాలు కొంచెం వంగి ఉంటుంది, తరవాత నెమ్మదిగా బరువు దిగుతుంది. బరువు ఆలస్యంగా దిగడంలోనే నడుము కదులుతుంది. ఇది ఎక్కడో విన్నానే అనుకుంటున్నావా? ముందు పాదం, తరవాత ఒళ్ళు! నాన్నగారు కొల్లేట్లో మనకి నేర్పింది రంబాయే అక్కా. నేను మొదటిసారే సరిగ్గా వేస్తే దొరసాని ఆశ్చర్యపోయి, ఎక్కడ నేర్చుకున్నావంది. బురదలో అన్నాను.

అడుగులు వేరే కాగితం మీద రాశాను. ఈసారి ఆడవాళ్ళవి, మగవాళ్ళవి విడివిడిగా. ఆవిడ చేత దిద్దించాను కూడా.

అహరోను


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 21.

తమ్ముడూ,

వచ్చేసిందిరా! రంబా ఒక్క పూటలో వచ్చేసింది. అత్తయ్యగారు నా నడుము చూసి, "ఇది గుళ్ళో వాళ్ళు చూడకూడదు" అన్నారు గానీ మళ్ళీ వెయ్యమన్నారు.

దానికంటే పెద్ద సంగతి, వెనక్కి అడుగు కూడా వచ్చింది. మొన్న పొద్దున్న మంచు పట్టి ఏమీ కనబడలేదు. ఎదురుగా ఉన్న అత్తయ్యగారి మొహం కూడా సరిగా కనబడలేదు. ఆవిడ పాట ఎత్తుకున్నారు. వెనకాల ఏముందో చూడ్డానికి ఎలాగూ లేదు కదా అనుకుని కాలు తీసేశాను. వేలు తడమలేదు. ఆవిడ కాలు నేను వదిలిన చోటుకే వచ్చింది. అలా ఎంతసేపు తిరిగామో తెలియదు, సుద్దగీతలు దాటి ఎక్కడికో వెళ్ళిపోయాం. నాకు ఏడుపొచ్చింది. ఇంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదని రాస్తే నువ్వు నొచ్చుకోకూడదు.

మీ బావగారికి రాశాను, రెండూ వచ్చాయండీ అని. కార్డు వచ్చింది. వచ్చే నెలలో ఏలూరులో వాళ్ళ ఆఫీసు స్నేహితుడి పెళ్ళి. దానికొచ్చి, అట్నించి గూడెం వస్తారట. "అన్నీ వచ్చాక మాట్లాడదాం" అని రాశారు. అంటే ఏమిటో నీకు వేరే చెప్పాలా? హెడ్‌మిస్ట్రెస్‌గారికి రాజీనామా ఇచ్చేశాను. నా మూడో తరగతి అప్పుడే వేరే ఆవిడకి ఇచ్చేశారు. పిల్లలు వెళ్ళొద్దని కొంగు పట్టుకున్నారు. అత్తయ్యగారు మాత్రం, "వాడొచ్చాక ఇద్దువుగాని, తొందరేం?" అన్నారు. నేను వెళ్ళిపోతుంటే ఆవిడకి బెంగ ఉండదూ! నేనే వినలేదు.

నీ అక్క,
నిర్మల


ఖరగ్‌పూర్,
నవంబరు 24.

అక్కయ్యకి,

ఈపాటికి నువ్వు విశాఖలో సముద్రం చూస్తూ ఉంటావు. అక్కడి అడ్రసు తెలియక గూడేనికే రాస్తున్నాను, అత్తయ్యగారు తిరగరాసి పంపిస్తారు.

విడిగా పార్సిలు వేశాను. పెరీరా దొరసాని వయసులో ఉన్నప్పుడు వేసుకున్న డాన్సు చెప్పులు. వెండి రంగు కొంచెం పోయింది. క్లబ్బులో మొదటి శనివారం వేసుకోమంది. ఆ పూట ఎలా గడిచిందో వివరంగా రాయాలట, ఏ పాట పెట్టారో, ఎంతమంది జంటలో, బావగారు నీకు ఏ చెయ్యి అందించారో. ఆవిడ పోరు పడలేక నాకు పని తోచడం లేదు. త్వరగా రాయి.

బావగారికి వందనాలు చెప్పు. ఈసారైనా నాకు ఒక ముక్క రాయమను.

నీ తమ్ముడు,
అహరోను


తాడేపల్లిగూడెం,
డిసెంబరు 2.

తమ్ముడు అహరోనుకి,

నీ ఉత్తరం, పార్సిలూ రెండూ గూడెంలోనే నాకు అందాయి. తిరగరాసే పని పడలేదు.

ఏలూరు పెళ్ళి చూసుకుని ఆయన వచ్చారు. ఆ సాయంత్రం, ఒకచోటికి వెళదాం రండి అని విమానాల దారికి తీసుకెళ్ళాను. అత్తయ్యగారు రానన్నారు. నేనే బతిమాలి తీసుకొచ్చాను, పాట కావాలి కదా. ఇస్త్రీచీర కట్టుకున్నాను. పొద్దున్నే వెళ్ళి సుద్దగీతలు కూడా చెరిపేసి వచ్చాను, అవి లేకుండానే నాకు వచ్చునని ఆయనకి తెలియాలని.

ఎదురుగా నిలబడి నా చెయ్యి అందించాను. ఆయన పట్టుకున్నారు. రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక వేలాడదీశారు. సిగ్గనుకుని నేనే తీసి వీపు మీద పెట్టించుకున్నాను. అత్తయ్యగారు పాట ఎత్తుకున్నారు. నేను కుడికాలు వెనక్కి తీశాను. వేలు తడమలేదు, వెనక్కి చూడలేదు, సరిగ్గా తీశాను.

ఆయన రాలేదురా.

నిలబడిన చోటే నిలబడి నా పాదాల వంక చూస్తున్నారు. మళ్ళీ మొదలుపెడదామండీ అన్నాను. మళ్ళీ తీశాను, మళ్ళీ రాలేదు. ఆయనకి మొదటి అడుగు కూడా తెలియదు. అత్తయ్యగారి పాట ఆగిపోయింది.

క్లబ్బులో ఎలా చేస్తారండీ మరి అని అడిగాను. ఆయన చెయ్యి వదిలేసి, "గుమాస్తాల్ని క్లబ్బు మెట్లు కూడా ఎక్కనివ్వరు నిర్మలా" అన్నారు. మరి నన్నెందుకు నేర్చుకోమన్నారండీ అన్నాను. గొంతు ఎత్తలేదు, ఎప్పటిలాగే మెల్లగా, మర్యాదగా చెప్పారు. "ఇంగ్లీషంటే నేర్చుకున్నావు. ఫోర్కంటే నేర్చుకున్నావు. ఇదైనా నీకు చేతకాదనుకున్నాను" అన్నారు.

అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఎవరూ లేరన్నారు. అబద్ధం కాదు, ఆ మొహం నాకు తెలుసు. "ఎవరూ లేరు. నాకు ఒక్కడికీ అలవాటైపోయింది, అలాగే బాగుంది. నీతో ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు" అన్నారు. ఎవరైనా ఉన్నా బాగుండేది తమ్ముడూ. ఆవిడని తిట్టుకుంటూ బతికేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టను?

అత్తయ్యగారు దారిలో నాతో, "రంబా కార్డు వచ్చిన్రోజే నాకు తెలిసిందే, నోరు రాలేదు. నీ మొహం చూస్తే ఎలా చెప్పను?" అని ఏడ్చారు. ఆయన మర్నాడు పొద్దున్న బండికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు, ఒళ్ళు జాగ్రత్త అని చెప్పారు.

బడికి వెళ్ళి అడిగాను. ఖాళీ లేదు, వచ్చే ఏడు చూద్దామన్నారు. నా మూడో తరగతి పిల్లలు కిటికీలోంచి చూసి, మా టీచరుగారి కాళ్ళు బాగైపోయాయి అని అరిచారు.

నిన్న పొద్దున్న అత్తయ్యగారు నన్ను బలవంతంగా విమానాల దారికి తీసుకెళ్ళారు. ఎదురుగా నిలబడి, చీర ఎగదోపి, రెండు చేతులూ చాచారు. "వాడికి రాకపోతే పోనీ, నాకొచ్చుగా. తియ్యి కాలు, నేనొత్తాను" అన్నారు. వస్తారనీ తెలుసు. ఆవిడ తప్పకుండా వస్తారు. పాట ఎత్తుకున్నారు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. నా కుడికాలు వెనక్కి వెళ్ళింది. బొటనవేలు నేల మీద ఆగి తడిమి చూసింది. తడుముతూనే ఉంది. పాట అయిపోయింది, నేను బరువు దించలేకపోయాను.

చెప్పులు నాకు సరిపోయాయి. పెరీరా దొరసానికి నిజం రాయకు. మొదటి శనివారం చాలామంది జంటలు వచ్చారని, ఆయన ఎడమచెయ్యి అందించారని చెప్పు. అడుగులు ఇక రాసి పంపకు.

నీ అక్క,
నిర్మల